రాజు పేర నిలిచిన వర్తకుని మేడ

పశ్చిమ ఉక్రెయినులోని ల్వీవ్ నగరమున, రీనొక్ అను పేరుగల పాత సంతచౌకునకు తూర్పు వరుసలో, ఆరవ నంబరు మేడ యొకటి కలదు. ఊరివారు దానిని రాజమేడ అందురు. పదునేడవ శతాబ్దమున పోలండును ఏలిన మూడవ యాన్ సోబియెస్కీ ఆ ఊరికి వచ్చినపుడు అందు విడిది చేసెను గనుక దానికా పేరు వచ్చినది. చూడవచ్చిన వారికి నేటికిని ముందుగా చెప్పబడు కథ రాజుగారి కథయే. అయితే రాజు ఆ మేడకు వారసుడేగాని కర్త కాడు. 1580లో దానిని కట్టించినవాడు, మధ్యధరా సముద్రములోని క్రీటు ద్వీపమునుండి వచ్చి, తీయని ద్రాక్షసారా అమ్మి, రాజ్యపు సుంకములను గుత్తకు పట్టి, తుదకు రాజులకే అప్పులిచ్చునంతటి ధనికుడైన కొన్‌స్తాంతీన్ కోర్న్యాక్త్ అను గ్రీకు వర్తకుడు. ఆ చౌకులో ఇల్లు కట్టుకొను హక్కు అతని మతస్థులకు లేని కాలమది. లేని హక్కును ధనముతోను రాజానుగ్రహముతోను సంపాదించి, సంపాదించినదానిని గుట్టుగా దాచుకొనక నలుగురి కన్నులకును కట్టునట్లు రాతిలో నిలిపిన మనుష్యుని ఇల్లు గనుకనే, రాజు విడిదిగా కంటె వర్తకుని గృహముగా అది నాకు ఎక్కువ ఆసక్తికరముగా తోచును.

ల్వీవ్ సముద్రతీరమున ఉన్న ఊరు కాదు, మహానది ఒడ్డున వెలసినదియు కాదు. దానికున్న యేరు పోల్త్వా అను చిన్నది. దానిని సైతము పందొమ్మిదవ శతాబ్దమున నేలక్రింది తూములలోనికి మళ్లించి పైన వీథులు వేసిరి గనుక, నేడు నగరమంతయు తిరిగినను కంటబడదు. మరి ఇట్టి ఊరికి ఐశ్వర్యమెక్కడనుండి వచ్చినదన్నచో, బాటలనుండి వచ్చినది. నల్లసముద్రపు రేవులనుండియు, మొల్దావియా మీదుగా కాన్‌స్టాంటినోపిల్ నుండియు వచ్చు త్రోవలు, పడమట క్రాకో నగరమునకును జర్మను పట్టణములకును, ఉత్తరమున బాల్టిక్ తీరమునకును పోవు త్రోవలను అక్కడ కలిసికొనుచుండెను. పదమూడవ శతాబ్దపు నడుమ హాలిచ్ ప్రభువైన దనీలో ఆ ఊరిని స్థాపించి, తన కుమారుడైన లేవ్ పేర పిలిచెను. మరు శతాబ్దమున అది పోలండు రాజైన కాజిమీరు వశమైనది. ఆ రాజే 1356లో దానికి మాగ్డెబర్గ్ నగరధర్మమును అనుగ్రహించెను. అనగా, జర్మను పట్టణముల పద్ధతిని తన పాలకసభను, తన న్యాయస్థానమును తానే ఏర్పరచుకొని, తన సంతను తానే నడుపుకొను స్వాతంత్ర్యము ఊరికి వచ్చినదన్నమాట. దీనికితోడు, తూర్పునుండి సరుకు తెచ్చిన వర్తకుడెవ్వడును ఊరిని తప్పించుకొని పోరాదనియు, అక్కడ బండ్లు విప్పి నిర్ణీత దినములపాటు సరుకును స్థానికుల యెదుట అమ్మకమునకు పెట్టి తీరవలెననియు వేరొక రాజశాసనము కలదు. ముందుకు పోవలెనని తొందరపడు పరదేశి వర్తకుడు బేరమున మెత్తబడక తప్పదు. ఆ మెత్తదనమే ఊరి వర్తకుని లాభము. రీనొక్ చుట్టునున్న మేడలలో సగము గోడలు ఈ ఒక్క శాసనముమీదనే లేచినవని చెప్పినచో పెద్ద అతిశయోక్తి కాదు.

చౌకు సుమారు 142 మీటర్ల పొడవు, 129 మీటర్ల వెడల్పు గలది. నడుమ నగరసభాభవనము, చుట్టును 44 మేడలు. నాలుగు మూలలను నెప్ట్యూన్, డయానా, ఆంఫిట్రైట్, అడోనిస్ అను పురాణదేవతల విగ్రహములతో నాలుగు జలాశయములున్నవి గాని, అవి 1793 నాటి ఆస్ట్రియా పరిపాలనలో వచ్చినవి. మన కథకు తరువాతివి. మన కథకు కావలసినది చౌకునుండి వెడలు వీథుల సంగతి. ఒక వీథి అర్మేనియా వారిది. రూస్కా అను ఒకటి రూథేనియనులది, అనగా నేటి ఉక్రేనీయుల పూర్వులది. దక్షిణపు మూల యూదులది. ఆ వీథుల పేర్లు నేటికిని ఆ జాతులను చెప్పుచునే యున్నవి. ఊరిలో ఇన్ని జాతులు ఇన్ని దేవాలయములతో కలిసి యుండుట ఆ కాలపు యూరపులో అరుదైన విషయమే. కాని కలిసి యుండుట వేరు, సమానముగా నుండుట వేరు. చౌకు కథోలికులది. పౌరసత్వపు సంపూర్ణ హక్కులు వారివి, నగరసభలో ఆసనములు వారివి. గ్రీకు సంప్రదాయమును అనుసరించు ఆర్థడాక్సు క్రైస్తవులు, తరతరములుగా ఆ గడ్డపై పుట్టినవారైనను, రూస్కా వీథి దాటి ఇల్లు కొనుటకు వీలులేదు. అనేక వృత్తిసంఘముల తలుపులు వారికి మూయబడియుండెను. మనుష్యుని మతమును అడుగనక్కరలేక, అతడు కాపురముండు వీథిని బట్టియే తెలిసికొనదగిన ఊరది.

1527లో ఊరు తగులబడెను. ఆ అగ్నికి ముందున్న ల్వీవ్ కోసుగా లేచిన కమానులతో, నిటారైన కప్పులతో గాతిక్ పద్ధతిని కట్టిన నగరము. ఆ తరువాతి ల్వీవ్ పునరుజ్జీవన యుగపు నగరము. రెంటికిని నడుమ ఉన్నది ఒక్క వేసవి. ఎక్కడనో కొన్ని గోడలు, కొన్ని నేలమాళిగలు, అరుదుగా ఒక గది తప్ప పాత ఊరి ఆనవాళ్లు మిగులలేదు. బూడిదనుండి ఊరిని తిరిగి లేపుటకు వచ్చినవారిలో ఇటలీనుండియు, ఆల్ప్స్ కొండల దిగువనున్న సరస్సుల ప్రాంతమునుండియు వలస వచ్చిన తాపీపనివారు ముఖ్యులు. ఆ ప్రాంతమునుండి రాతిపని వారు తండ్రి తరువాత కొడుకుగా, ఉత్తరదేశములకు పని వెదకికొనుచు పోవుట శతాబ్దముల ఆచారము. వారు తమతో తెచ్చినవి ఉలి, సుత్తి మాత్రమే కావు; ఇంటి ముఖము కిటికీల వరుసలతో, స్తంభములతో, అడ్డపట్టీలతో లెక్కప్రకారము కుదిరి యుండవలెనన్న నవీన దృష్టిని కూడ తెచ్చిరి. 1572 నాటికి ల్వీవ్‌లో వారికి సొంత శిల్పిసంఘము ఏర్పడెను. ఆ సంఘమునకు చెందిన పియెత్రో దీ బార్బోనా, రోమునగరవాసి అను బిరుదుగల పావులో అను ఇరువురు శిల్పులను మన వర్తకుడు తన ఇంటికి నియోగించెను.

అతని సంగతి కొంచెము విపులముగా చెప్పవలసి యున్నది. కోర్న్యాక్త్ 1520 ప్రాంతమున క్రీటులోని రెథిమ్నో పట్టణమున పుట్టెను. క్రీటు అప్పుడు వెనిసు గణరాజ్యపు ఏలుబడిలో నుండెను. అందువలన అతడు పుట్టుకచే గ్రీకు, మతముచే ఆర్థడాక్సు, ప్రభుత్వముచే వెనీషియను. వ్యాపారమునకు ఈ మూడును కలిసివచ్చినవి. వెనిసు ఓడలతో పరిచయము, కాన్‌స్టాంటినోపిల్‌లోని గ్రీకులతో బంధుత్వము, మొల్దావియా ప్రభువులతో మతసంబంధము, ఈ మూటిని ముడివేసినవానికి క్రీటునుండి ల్వీవ్ వరకు త్రోవ పొడవునను తనవారే. అతడు తెచ్చిన ముఖ్యమైన సరుకు మాల్వాసియా అను తీయని ద్రాక్షసారా. ఉత్తరపు చలిలో ద్రాక్ష పండదు. పండినచోట్లను పలుచని పుల్లని సారాయే వచ్చును. అదియు పీపాలలో నెలల తరబడి ప్రయాణము చేసినచో పులిసి చెడును. మధ్యధరా ఎండకు ముగ్గిన ద్రాక్షతో చేసిన ఈ చిక్కని తీపిసారా మాత్రము దూరప్రయాణమును ఓర్చుకొనును. కావుననే రాజుల విందులలోను, ప్రభువుల ఇండ్లలోను దానికి గిరాకి. దానితోపాటు పట్టు, నూలు వస్త్రములు, తూర్పు సుగంధద్రవ్యములు వచ్చుచుండెను. తిరుగు బండ్లలో తేనె, మైనము, తోళ్లు, ఉన్నిచర్మములు పోవుచుండెను. ఖాళీ బండి నడుపుట వర్తకునకు పాపము. కోర్న్యాక్త్ బండ్లు ఖాళీగా నడచినట్లు లేదు.

అయితే సారామాత్రము అమ్మి ఎవ్వడును రాజునకు అప్పిచ్చునంత వాడు కాడు. అతని ఐశ్వర్యమునకు రెండవ మెట్టు సుంకపు గుత్త. ఆ కాలపు రాజులకు నిలకడగా పన్ను వసూలుచేయు ఉద్యోగిబృందము లేదు. అవసరమో నెత్తిమీద నుండును. అందువలన ఫలానా ప్రాంతపు సుంకమును, సాలుకింత అని ముందుగా చెల్లించు ధనికునికి అప్పగించి, వసూళ్ల లాభనష్టములను అతనికే వదలివేయుదురు. రాజైన రెండవ సిగిస్మండ్ ఆగస్టస్ రూథేనియా ప్రాంతపు సుంకములను కోర్న్యాక్త్‌నకు ఈ విధముగా అప్పగించెను. తన సరుకు నడచు త్రోవలోనే, తన పోటీదారుల సరుకుపై సుంకము వసూలుచేయు అధికారము వర్తకుని చేతికి వచ్చినచో ఏమగునో వివరించి చెప్పనక్కరలేదు. సిగిస్మండ్ అతనియొద్ద అప్పులు తీసికొనెను; 1571లో అతనిని ప్రభువర్గమున చేర్చి కులీనత్వమును ప్రసాదించెను. అప్పిచ్చినవానికి ముద్రవేసిన పత్రమిచ్చుట ఖజానాకు చౌకయైన ప్రతిఫలము. ఆ పిదప అతడు ద్జెదుషిత్స్కీ అను ప్రభువంశపు కన్యయైన అన్నాను వివాహమాడి, గ్రామములు కొని, భూస్వామియు అయ్యెను. ఇన్ని అయినను అతడు మతము మార్చుకొనలేదు. మార్చుకొన్నచో చౌకులో ఇల్లు ఒక విషయమే కాకపోవును.

ఇక ఇంటికి వత్తము. చౌకు చుట్టునున్న స్థలములను నగరస్థాపన కాలముననే ఇరుకుగాను లోతుగాను కొలిచి పంచిరి. వీథివైపు వెడల్పు మూడు కిటికీలు పట్టునంత; లోపలికి మాత్రము వెనుకవీథి దిక్కుగా పోయినంత దూరము. చౌకునకు ముఖము పెట్టి కూర్చుండవలెనని అందరికిని కోరిక గనుక అక్కడి నేల మూరలలెక్కన విలువైనది. ఇంటి క్రింద నేలమాళిగలో సరుకు. వీథిమట్టమున దుకాణమును, బండి లోనికి పోవు నడవయు. పై అంతస్తులో యజమాని కాపురము. ఆ పైన నౌకరులు, సామానులు. ఇది ఊరిలోని ప్రతి వర్తకుని ఇంటి కూర్పు. కోర్న్యాక్త్ ఇట్టి రెండు పాత ఇండ్ల స్థలములను కలిపి ఒక మేడ కట్టించెను. అందుచేత దాని ముఖమునకు వరుసకు ఆరు కిటికీలు వచ్చినవి. ఇరుగుపొరుగు మేడలు మూడు కిటికీలతో భుజములు దగ్గరకు ముడుచుకొని నిలువగా, ఇది బారజాపుకొని నిలిచినది. మూడు కిటికీలు దాటరాదని ఊరి కట్టుబాటు ఉండెననియు, రాజు ప్రత్యేకానుజ్ఞతో కోర్న్యాక్త్ దానిని దాటెననియు ల్వీవ్ వారు చెప్పుకొందురు. కట్టుబాటు మాట ఎట్లున్నను, చౌకునందు నిలిచి ఒక్కసారి చుట్టు చూచినవానికి ఆ ఆరు కిటికీల భావము అర్థము కాక మానదు. రూస్కా వీథి దాటరాదన్న మతస్థుడు దాటివచ్చుటయే కాక, దాటివచ్చి ఇరువురి చోటు తానొక్కడే ఆక్రమించెను.

ముఖద్వారము కోరింథియను స్తంభములతో తీర్చినది. కిటికీల నెత్తిన ముక్కోణపు రాతిపట్టములున్నవి. వరుసలు తీరుగా, తొందరపాటు లేక, కొలతకు కుదిరి యున్నవి. పైన ఇంటికప్పు కనబడదు. దానిని మరుగుచేయుచు ఎత్తైన పిట్టగోడ లేచి, దానిమీద మధ్యను రాజు, ఇరుప్రక్కల వీరభటులు, చేపల అలంకారములు గల శిల్పపంక్తి నిలిచినది. ఇట్టి పిట్టగోడ ఆ కాలపు పోలండు రాజ్యమంతటను కనబడునది. అది కేవలము అలంకారమని తలచినచో పొరపాటు. 1527 నాటి అగ్నిని మరువని ఊళ్లలో, ఒక ఇంటి కప్పు నుండి ప్రక్కయింటి కప్పుమీదికి మంట ప్రాకకుండ, కప్పును లోపలికి వాలుగా దించి చుట్టును గోడ లేపుట మంచి ఉపాయమని కనుగొనిరి. కావలికై లేపిన గోడకు శిల్పి కిరీటము పెట్టినాడు. ఈ ఇంటి పైనున్న విగ్రహములు సోబియెస్కీల కాలమునకు చెందినవందురు. నా మట్టుకు నాకవి కొంచెము అధికముగనే తోచును. క్రింద వర్తకుడు కొలిచి కట్టిన గోడ తనంతట తానే చాలినంత మాటాడుచుండగా, పైన కత్తులు పట్టిన భటులు దేనికి కావలియో తెలియదు.

సింహద్వారము దాటి నడవలోనికి పోయిన, ఒక ప్రక్కగా గాతిక్ గది యున్నది. రాతి ఈనెలు అడుగునుండి లేచి పైకప్పున చుక్కవలె కలిసికొను ఆ గది, అగ్నికి ముందున్న ల్వీవ్ నుండి మిగిలిన అరుదైన అవశేషములలో నొకటి. కోర్న్యాక్త్ శిల్పులు పాతగోడను పడగొట్టక దానిపైననే కొత్త ఇల్లు లేపిరి. మంచి రాయిని వృథాచేయుట వర్తకునకును నచ్చదు, తాపీవానికిని నచ్చదు. ఈ గదిని దాటిన పిమ్మట వచ్చునదే ఆ ఇంటికి ప్రాణమనదగిన లోపలి ముంగిలి. ఇటలీ ముంగిలి అని దానికి పేరు. మూడు అంతస్తుల పొడవునను, ఒకదానిపై నొకటిగా గుండ్రని కమానులతో తెరచిన వరండాలు. క్రింద నుండి పైకి పోవుకొలది స్తంభములు తేలికపడును. గోదావరిసీమలోని మండువాలోగిలిలో పుట్టి పెరిగినవానికి ఈ ముంగిలి ప్రయోజనమును వేరుగా చెప్పనక్కరలేదు: ఇరుప్రక్కల గోడలు పరులవి యగుటచే కిటికీ పెట్టుటకు వీలులేని లోతైన ఇంటికి, వెలుగును గాలియు ఆకాశమునుండియే దించుకొనవలెను. కాని ఇక్కడి వరండా కేవలము వెలుగుకొరకు కాదు. గదినుండి గదికి పోవలెనన్న మరియొక గది గుండ పోవలసిన పాతకాలపు ఇరుకు ఇండ్లలో, వరండా అను వేరు దారి పెట్టుట గొప్ప సౌకర్యము. ఒకరి గది మరియొకరికి దారి కాకుండ పోయెను. పై వరండానుండి వంగిచూచిన యజమానికి క్రింద పీపాలు దించు బండియు, లెక్క వ్రాయు గుమాస్తాయు, తూకము వేయు నౌకరును ఒక్కచూపున కనబడుదురు.

నాకడిగినచో, ఈ ఇంటి గొప్పతనము ముఖమునందు కంటె ఈ ముంగిలిలోనే యున్నది. ముఖము ఊరికొరకు కట్టినది. అందు పంతము కనబడును. ముంగిలి తనకొరకు కట్టుకొన్నది. దక్షిణసముద్రపు ఎండలో పెరిగిన మనుష్యుడు, ఏడాదిలో సగము మంచు కురియు ఊరిలో, తెరచిన కమానుల వరండాలు మూడంతస్తులు కట్టించుకొనుటలో వివేకముకంటె మమకారమే ఎక్కువ. జనవరిలో ఆ వరండాలు ఎట్లుండునో ఊహింపవచ్చును. అయినను కట్టించెను. నేడు అక్కడ వేసవిలో బల్లలువేసి కాఫీ యిచ్చుచున్నారు. సాయంకాలములందు సంగీత సభలును జరుగును. ఆ ధ్వని కమానులలో పడి చక్కగా తిరిగివచ్చును.

ఇరుగుపొరుగు మేడలును ఇట్టి పరదేశుల చరిత్రలనే చెప్పును. నాలుగవ నంబరు మేడను ఇటలీనుండి వచ్చిన తొమ్మాసో అల్బెర్తి కొరకు కోర్న్యాక్త్ శిల్పులే కట్టిరి. దాని ముఖమంతయు వజ్రపు పలకలవలె చెక్కిన రాయి. కాలక్రమమున ఆ రాయి నల్లబారి, నల్లమేడ అన్న పేరు దానికి స్థిరపడినది. మొదటి అంతస్తు మూలను గుఱ్ఱముపై నుండి తన దుప్పటిని బిచ్చగానికి పంచి యిచ్చుచున్న సంత్ మార్టిన్ శిల్పమున్నది. రెండవ నంబరులో ఫ్లారెన్సువాడైన రొబెర్తో బందినెల్లి 1629లో రాజానుజ్ఞతో తపాలా నడిపెను. ఉత్తరములు ఇటలీవరకు పోవుచుండెను గాని, రుసుము భరించలేనిదగుటచే వ్యాపారము ఎక్కువకాలము సాగలేదు. పదునాలుగవ నంబరు ద్వారముపై వెనిసు నగరపు రెక్కల సింహము తెరచిన పుస్తకముపై పంజా మోపి కూర్చున్నది. అది ఆ గణరాజ్యపు ప్రతినిధియైన మస్సారి ఇల్లు. వీరందరును కథోలికులు గనుక చౌకులో ఇల్లు కట్టుకొనుట వారికి డబ్బు ప్రశ్నయే గాని హక్కు ప్రశ్న కాదు. కోర్న్యాక్త్ ఒక్కడే భిన్నుడు.

ఈ భిన్నత్వమును అతడు మరచిపోలేదనుటకు సాక్ష్యము చౌకులో లేదు, రూస్కా వీథిలో నున్నది. రూథేనియనుల ఆలయమునకు ఘంటాగోపురము కట్టబోగా మొదటి కట్టడము 1570లో కూలిపోయెను. బీద సమాజము, మరల లేపు శక్తి వారికి లేదు. అప్పుడు కోర్న్యాక్త్ ఖర్చు భరించి, పియెత్రో దీ బార్బోనా చేతనే 1572 మొదలు 1578 వరకు కొత్త గోపురమును కట్టించెను. అనగా, చౌకులో తన ఇంటికంటె ముందుగా తనవారి గోపురమునే పూర్తిచేసెనన్నమాట. మూడు అంతస్తులుగా, గుడ్డి కమానులతో లేచిన ఆ గోపురమునకు 1695లో నాలుగవ అంతస్తును, శిఖరమును చేర్చిరి. ఇప్పుడు ఎత్తు దాదాపు 66 మీటర్లు. దానికి నేటికిని కోర్న్యాక్త్ గోపురమనియే పేరు. అందు 1783లో పోతపోసిన కిరీలో అను గంట దాదాపు 5 టన్నుల బరువు గలది. గోపురపు పాదముననే ముగ్గురు ఆచార్యుల పేర చిన్న గుడి యున్నది. దాని నిర్మాణమునకును అతని ధనము తోడ్పడినది.

గోపురముతో ఆగలేదు. ఆ ఆలయమును ఆశ్రయించి ఏర్పడిన ఆర్థడాక్సు సోదరసంఘము, చౌకు తమను వెలిపెట్టినందుకు ప్రతిగా విద్యను పట్టుకొనెను. ఇవాన్ ఫెదొరోవ్ అను ముద్రాపకుడు 1574లో ల్వీవ్‌నందే ఉక్రేనీయ భూమిపై మొదటి ముద్రిత గ్రంథమును వెలువరించెను. అతడు అప్పులపాలై చనిపోగా, తాకట్టులోనున్న ముద్రణసామగ్రిని సోదరసంఘమే విడిపించి నడుపసాగెను. 1586లో గ్రీకును, స్లావు భాషను బోధించు పాఠశాల వెలసెను. కోర్న్యాక్త్ ఈ సంఘమునకు పోషకుడు. రాజసభలో పలుకుబడిగల ఒక్క ధనికుడు తమలోనుండుట, నగరసభతో వ్యాజ్యెములాడుచున్న ఆ బీదసంఘమునకు ఎంత బలమో చెప్పనలవి కాదు. 1603లో అతడు మరణించెను.

తండ్రి చౌకులో గెలిచిన స్థానము కొడుకులకు అవసరము లేకపోయెను. వారు ప్రభువుల బిడ్డలు. వారికి పల్లెలు, కోటలు, వేటలు కావలెను. ఒక కొడుకు, లంచుట్ సైతాను అని ప్రసిద్ధికెక్కిన స్తద్నిత్స్కీ అను దుర్మార్గ ప్రభువుతో కలహమున చిక్కి, అతని చెరలో మ్రగ్గవలసివచ్చెను. వర్తకుని కొడుకు ప్రభువైనందుకు దొరికిన మొదటి బహుమానమది. చౌకులోని మేడ కొంతకాలము కార్మెలైట్ సన్యాసుల చేతిలో నుండి, 1640లో యాకుబ్ సోబియెస్కీ అను ప్రభువు కొనుగోలుచేయుటతో మరియొక చరిత్రలోనికి ప్రవేశించెను. అతని కొడుకే 1674లో పోలండు రాజై, 1683లో వియన్నా గోడలయొద్ద తురుష్కసేనను ఓడించి యూరపంతటను కీర్తి గడించిన మూడవ యాన్. అతని నాడు పై అంతస్తు గదులు రాజసభకు తగినట్లుగా మార్పబడెను. వియన్నా తరువాత మూడేండ్లకు, ఆ గదులలోనే రాజు ఒక చేదు పత్రమును ఆమోదించవలసి వచ్చెను. 1686లో మాస్కోలో కుదిరిన శాశ్వత సంధి అను ఒడంబడిక ప్రకారము, కీవ్ నగరమును, ద్నీపర్ నదికి ఎడమతీరపు భూములను మాస్కో జార్లకు వదలుకొని, బదులు 146000 రూబుళ్లు పుచ్చుకొనుట. తురుష్కులపై యుద్ధమున తోడు దొరకునన్న ఆశతో చేసిన పని. రాజు దానికి సమ్మతి తెలుపునపుడు కంట నీరు పెట్టెనని చెప్పుదురు. ఉక్రెయిను చరిత్రలో ఆ సంధి నేటికిని మానని గాయమే. ఆ గాయము చేసిన కలము నడచినది సారావర్తకుని ఇంటిలో.

ఆ తరువాతి రెండు శతాబ్దములను త్వరగా దాటవచ్చును. 1772లో ఊరు ఆస్ట్రియా వశమై లెంబెర్గ్ అయ్యెను. మేడ చేతులు మారెను. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో నగరసభ దానిని సంపాదించి 1908లో అక్కడ వస్తుప్రదర్శనశాల తెరచెను. రాజు పేరనే తెరచెను. ఊరిలో పలుకుబడి అప్పుడు పోలండువారిది, వారికి ప్రియమైనది సోబియెస్కీ స్మృతి. పిమ్మట పోలండు, సోవియట్, జర్మను, తిరిగి సోవియట్ ప్రభుత్వములు వచ్చి పోయినవి. 1991నుండి స్వతంత్ర ఉక్రెయిను. జెండాలు ఇన్ని మారినను ఇల్లు ప్రదర్శనశాలగనే నిలిచినది. నేడది ల్వీవ్ చరిత్ర వస్తుప్రదర్శనశాలలో భాగము, నల్లమేడయు దానిలోనిదే. 1998లో ల్వీవ్ పాతనగరమంతయు యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికకు ఎక్కెను. 2022లో యుద్ధము మొదలైనపుడు చౌకు మూలలనున్న దేవతా విగ్రహములకు గుడ్డలు చుట్టి, చుట్టును చట్రములు కట్టిరి. 2023లో యునెస్కో ఈ నగరమును ప్రమాదములోనున్న వారసత్వముల జాబితాలో చేర్చెను.

శాంతి నెలకొన్న పిదప ఎవరైన తెలుగు యాత్రికులు ఆ వైపు పోవుట తటస్థించినచో, అందరివలె తిన్నగా రాజమేడలో చొరబడి రాజుగదుల మెట్లెక్కవద్దని నా సలహా. ముందుగా చౌకు ఆగ్నేయమూల నుండి బయలుదేరు రూస్కా వీథిని పట్టి, కొద్ది నిమిషములు నడచి, కోర్న్యాక్త్ గోపురమును చూచిరావలెను. అది అతనివారు నిలువదగునని ఊరు గీసిన గిరి. తరువాత వెనుకకు వచ్చి ఆరవ నంబరు ముందు నిలిచి కిటికీలు లెక్కపెట్టుకొని, గాతిక్ గదిగుండ ముంగిలిలోనికి పోయి, కాఫీ చెప్పి కూర్చుండవచ్చును. రాజుగారి గదులు ఆ పైన ఓపికను బట్టి.